మొదటి శనివారపు చేగోడీలు

"పలకైతే పిల్లలు చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు," నాలుగోసారి అన్నాడు సుందరరావు.

"చెరిపేస్తే ఊరెళ్ళినప్పుడు మా అమ్మకేం చూపిస్తావయ్యా? నోటుపుస్తకమే కొనాలి," అంది ఎలీసమ్మ, చేగోడీల పిండి మర్దిస్తూ.

కువైట్ మహబూలాలోని ఆ రెండు గదుల ఫ్లాట్‌లో భోజనాలప్పుడు మొదలైన వాదన ఇంకా తెగలేదు. అయినా ఎవరి ముఖంలోనూ కోపం లేదు. పండగ ముందు రోజు హడావుడిలా ఉంది. కువైట్‌లో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారాయి. రేపే మొదటి శనివారం సెలవు.

గుంటూరు జిల్లాలో యూదుల పద్ధతులు పాటించే కొద్దిపాటి తెలుగు కుటుంబాల్లో వాళ్ళదొకటి. శనివారం వాళ్ళకు షబ్బాత్, అంటే విశ్రాంతి దినం. కానీ ఇన్నేళ్ళూ ఆ రోజు పిల్లలు బడికి వెళ్ళారు, అదే బడిలో సుందరరావు బస్సు నడిపాడు, ఎలీసమ్మ ఆయా పని చేసింది.

ఇప్పుడు సెలవుతోపాటు పుస్తకం కూడా వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న పిల్లల కోసం ఊళ్ళోని సమాజ మందిరం వాళ్ళు హీబ్రూ పాఠాలు తయారుచేశారు. ప్రతి అక్షరం కింద దాన్ని పలికే తీరు తెలుగులో ఉంది. ప్రార్థనల సీడీ కూడా ఇచ్చారు. నర్సుగా పనిచేసే ఎలీసమ్మ చెల్లెలు సిల్వియా సెలవు నుంచి తిరిగొస్తూ రెండూ తెచ్చింది.

రూబీకి పదేళ్ళు. పన్నెండు నిండాక మందిరంలో అందరి ముందూ హీబ్రూలో చదవాలి. ఇక్కడ నేర్పే దారి లేదని, పిల్లను అమ్మమ్మ దగ్గరికి పంపేద్దామని వేసవిలోనే అన్నాడు సుందరరావు. శనివారాలు కలిసొస్తున్నాయని ఆగాడు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఎలీసమ్మ రూబీని దగ్గరికి లాక్కునేది.

సీడీ వింటున్న రూబీ తలెత్తింది. "నాన్నా, పలకైనా పుస్తకమైనా శనివారం రాయకూడదుగా? రాత కూడా పనేగా?"

సిల్వియా పకపకా నవ్వింది. "ఏం బావా, ఊళ్ళో పదిమందికి విశ్రాంతి దినం గురించి చెప్పొచ్చావు!"

సుందరరావు నవ్వలేదు. "శుక్రవారాలు నేర్పుదామంటే, వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి కారు తోలాలి నేను. ఇయ్యాలైతే వాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి ఇంట్లో ఉన్నా. రాయకుండా అక్షరాలు ఎట్టా వస్తయి? ఖలాస్. ఇంక టికెట్ తీయాల్సిందే."

ఎలీసమ్మ చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఆరేళ్ళ జోనాథన్ ఇదేమీ పట్టించుకోకుండా పిండిని తాడులా పేని, వంచి, పుస్తకం పక్కన పెట్టాడు. "అమ్మా, ఇది అట్టనే ఉంది చూడు."

"లామెద్!" పుస్తకంలోని అక్షరం పేరు చదివి రూబీ ఎగిరి గంతేసింది.

ఎలీసమ్మ ఆ పిండి తాడు వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది. "సిల్వియా, స్టవ్ వెలిగించవే. ఇయ్యాల చేద్దాం, రేపు చదువుతారు. చదివింది తినేస్తారు. రాసే పనే లేదు."

"ఎన్నక్కా?"

"అక్షరాలెన్నో అన్ని, ఇరవై రెండు. విరిగిపోతే ఇంకో ఇరవై రెండు!"

పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ వినపడితే విశ్రాంతి దినం మొదలైనట్టే, ఆలోపు స్టవ్ ఆపాలి. వంటగదిలో నిలబడే చోటు లేకుండా అందరూ చేరారు. సామెక్ అక్షరం గుండ్రంగా మామూలు చేగోడీలాగే ఉండడంతో సిల్వియా అవే చేస్తూ కూర్చుంది. లామెద్ మెడ నూనెలో రెండుసార్లు విరిగింది. "నువ్వులు తక్కువెయ్యి, అక్షరం కనపడట్లా," అని సుందరరావు జల్లిగంటె లాక్కున్నాడు. కాసేపటికి వేయించడం ఆయన పనే అయింది. ఆఖరి అక్షరం తీసి స్టవ్ ఆపి, ఎలీసమ్మ చేతులు కడుక్కుని దీపాలు వెలిగించింది. తర్వాత వినపడింది అజాన్.

మర్నాడు పొద్దున చాప మీద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. పుస్తకంలో చూసి రూబీ మూడు చేగోడీలు ఏరింది. జోనాథన్ వాటిని ఎడమ నుంచి పేర్చబోతే, "హీబ్రూ కుడి నుంచిరా, మొద్దూ!" అని సరిచేసింది.

"షీన్... బేత్... తావ్." వేలు పెట్టి కూడబలుక్కుంది. ఒక్కసారిగా అరిచింది. "షబ్బాత్! అమ్మా, షబ్బాత్!"

జోనాథన్ అప్పటికే తావ్ నోట్లో వేసుకున్నాడు. సిల్వియా వాణ్ణి పట్టుకుని నవ్వుతోంది. ఎలీసమ్మ మాత్రం భర్త వంక చూస్తోంది.

సుందరరావు మిగిలిన రెండక్షరాలనూ సరిగ్గా జరిపి పెట్టాడు.

"రూబీకి టికెట్ తీయట్లేదు," అన్నాడు నెమ్మదిగా, పళ్ళెం వంకే చూస్తూ. "ఇక్కడే చదువుకుంటది. రేపు మీ అమ్మకి ఫోన్ చేసి చెబుతా."