సింకు కింది మిషను

సింకు కింద ఆ మిషను పెట్టించింది కోడలే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. చెత్తబుట్ట పట్టుకుని వెనక మెట్లు దిగలేకపోతోందని, స్విచ్చి వేస్తే తొక్కలన్నీ నలిగి నీళ్లతో పోయే గ్రైండరు కొనుక్కొచ్చింది. అప్పట్నుంచీ వంటింట్లో ఏం తరిగినా, ఏం మిగిలినా దాని నోట్లోకే. అది బర్రుమన్నప్పుడల్లా ముందుగదిలో బట్టలు కుట్టుకుంటున్న కోడలికి మురిపెంగా ఉండేది.

ఒకరోజు స్నానాలగదిలో నీళ్లు పోకుండా గుడగుడమన్నాయి. సాయంత్రానికి ముక్కులు పగిలే వాసన. భర్త పెరట్లో సెప్టిక్ ట్యాంకు మూత చుట్టూ తిరిగి వచ్చాడు.

"ట్యాంకులో మడ్డి గొట్టాల్లోంచి నేలకి పట్టిందంటే ఇక నీళ్లు ఇంకవు. పెరడంతా తవ్వుకోవాల్సిందే" అన్నాడు.

ఇదంతా ఆ మిషను పనేనని కోడలికి తట్టింది. తవ్వకం సరే, అత్తగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పడం? తనే కొనిచ్చి తనే లాక్కోవడమా? ఆ కంగారులో ఎవరిదో చొక్కాకి చేతులు తారుమారుగా కుట్టి, మళ్లీ విప్పుకుంది.

మర్నాడు ట్యాంకు తోడే బండి వచ్చింది. బండతను మూత తీసి చూసి, "ఇంట్లో గ్రైండరుందా అమ్మా?" అన్నాడు.

"ఉందండీ" అంది కోడలు, తప్పు చేసిన పిల్లలా.

"అదీ సంగతి. పైన తెట్టు చాపలా కట్టేసింది." లోపల, నీళ్లు నేలలోకి పోయే గొట్టం మూతికున్న ఫిల్టరు పైకి లాగాడు. పీచూ, గుడ్డు పెంకులూ పట్టేసి ఉన్నాయి. "ఇది అడ్డుపడి మిమ్మల్ని కాపాడింది. మడ్డి నేలలోకి పోలేదు. తవ్వే పనేం లేదు."

"నిజంగానా?"

"నిజమేనమ్మా. తోడేసి, ఇది కడిగి పెడతాను. ఇకమీదట మాత్రం తొక్కలూ నూనే అందులో వేయకండి. ట్యాంకుకీ అరగాలి కదా!"

సగం బరువు దిగింది. మిగతా సగం మోసుకుంటూ వంటింట్లోకి నడిచింది.

"అత్తయ్యా, మీకు కష్టమే గానీ... ఆ మిషనులో ఇక ఏమీ వేయకూడదట."

అత్తగారి చేతిలో కత్తి ఆగింది. "అలాగన్నాడా?"

"అవునత్తయ్యా."

"బతికించాడు! అది బర్రుమంటే నా పైప్రాణాలు పైనే పోయేవి. నువ్వు ముచ్చటపడి కొన్నావని నోరు మెదపలేదు గానీ, స్విచ్చి నొక్కి గడప దాకా పరిగెత్తేదాన్ని."

"మోకాళ్ల నొప్పులతోనా?"

"భయానికి మోకాళ్ల నొప్పులుంటాయటే?"

కోడలు నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. "మీరు బుట్ట నింపండి చాలు, కిందికి దింపే పూచీ నాది" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇంతలో భర్త గుమ్మంలోంచే కేకేశాడు. "అమ్మా, పెరడు తవ్వక్కర్లేదు!"

అత్తాకోడళ్లు మళ్లీ నవ్వందుకున్నారు. అంత నవ్వెందుకో అతనికి అర్థం కాలేదు.

"ముందెళ్లి చేతులు కడుక్కోరా" అంది తల్లి.

నిన్నటినుంచి ముద్ద గొంతు దిగని కోడలికి అప్పుడు తెలిసింది ఆకలి. కంచం తీసి అత్తగారి ముందు పెట్టి, "ముందు నాకే వడ్డించండత్తయ్యా" అంది.