గట్టు మీద దొరికిన మహారాణి

నేను ఒక రోమను వెండి నాణేన్ని. వయసు పద్దెనిమిది వందల ఏళ్లకు పైమాటే అయినా గర్వం మాత్రం మొన్నటిదాకా తగ్గలేదు.

నా ముఖాన ఒక మహారాణి ఉంటుంది. వెనకవైపు పొందిక అనే దేవత. దంపతులు అన్యోన్యంగా ఉండాలని చాటడం ఆమె పని. టంకసాలలో నేను పుట్టిన కొన్నాళ్లకే చక్రవర్తి ఆ రాణిని నడిసముద్రంలోని దీవికి వెళ్లగొట్టాడు. నేను మాత్రం సిగ్గు లేకుండా వాళ్ల అన్యోన్యతను ఊరూరా చాటుతూ తిరిగాను.

మిరియాల వర్తకుడి సంచిలో ఓడెక్కి కృష్ణ ఒడ్డుకు చేరాను. ఇక్కడ ఒకావిడ నన్ను హారంలో గుచ్చుకుంటానంటే కంసాలి సరిగ్గా రాణి నెత్తిన చిల్లు పొడిచాడు. హారం తెగి మట్టిలో పడ్డాక నన్నెవరూ వెతకలేదు.

మొన్న తొలకరి వానకు పల్నాడులో ఒక మిరప చేను గట్టు కోసుకుపోతే బయటపడ్డాను. గట్టుకు అటు పొలం సామ్రాజ్యానిది, ఇటు పొలం ఆమె తోడికోడలు అంకమ్మది. నీళ్ల వంతు దగ్గర తగువొచ్చి ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. నన్ను చూడగానే మాటలొచ్చాయి, అన్నీ తిట్లే.

"లచ్చిందేవి నా చేలో పడింది!" అంది సామ్రాజ్యం.

"నీ చేలో ఏంది? గట్టు మీద పడింది!" అంది అంకమ్మ.

జుట్లు పట్టుకున్నారు. నేను లక్ష్మీదేవిని కానని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

చివరికి నన్ను కరిగించి చెరో జత మెట్టెలు చేయించుకుందామని కంసాలి వీరాచారి దగ్గరికి తెచ్చారు. ఎర్రగా రాజుకున్న కుంపటిని చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆచారి ఆకురాయితో నా అంచు గీసి నవ్వాడు.

"ఇదేం వెండమ్మా! సగం రాగి. పైపైన తెల్లగా ఉంది, అంతే."

నా సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

అంకమ్మ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "దీనికోసమా అక్కా, నా కొప్పు ఊడబీకావు?"

సామ్రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "అక్కా అని పిలిచి ఎన్నాళ్లయిందే నువ్వు!"

"నువ్వు పలకవేమోనని బయపడ్డానక్కా."

సామ్రాజ్యం ఆమెను దగ్గరికి లాక్కుని, తాను పీకిన కొప్పును తానే ముడివేసింది. ఇద్దరూ రేపటి నీళ్ల సంగతి మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. నన్ను తీసుకెళ్లడం ఇద్దరికీ గుర్తు లేదు.

ఆచారి నన్ను రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూసి, ఊగుతున్న బల్లకోడు కింద పెట్టాడు. రాణి ముఖం నేలకు, దేవత నెత్తిన బల్ల. బల్ల ఇప్పుడు ఊగడం లేదు.