తలకు కాని మల్లెలు

కుమారవేల్ కోవిల్‌పట్టి బజారులో మల్లెమొగ్గలు కొనుక్కొచ్చి ఒళ్లో పోస్తే, రాజాత్తి ఏమీ అడక్కుండా దారం అందుకుని మాల కట్టడం మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో తెచ్చేవాడు. బిడ్డ పుట్టినాక ఇదే మొదలు. పెళ్లాం నర్సు అయిందన్న సంతోషం కాబోలు అనుకుంటూ నాలుగు మొగ్గలు ముడివేసిందో లేదో, అత్త పొన్నుతాయి పాత పంచె చింపుకుంటూ లోపల్నించి వచ్చింది.

"కట్టబాక పాపా. అవి తలకు కాదు. రొమ్ముల మీద పరిచి ఈ గుడ్డతో బిగించు. రొండు మూడు పొద్దులకు పాలు ఎండిపోతాయి."

దారం చేతిలోనే ఆగిపోయింది.

నిన్న విరుదునగర్ ఆసుపత్రిలో హెడ్ నర్సు అరవంలో షరతులన్నీ చదివింది. రెండేళ్లు హాస్టల్లోనే ఉండాలి. నెలకొకసారి ఇంటికి. బిడ్డను తేకూడదు. పదో తరగతి మార్కుల కాగితం, నర్సింగు కోర్సు సర్టిఫికెట్టు, అసలువే, వాళ్ల బీరువాలో ఉంటాయి. ఈలోగా మళ్లీ కడుపు రాకూడదు. ఆ మాటకు కుమారవేల్ నవ్వి, దానికి నేను పూచీ మేడమ్ అన్నాడు. హెడ్ నర్సు కూడా నవ్వింది. ఎవరి కడుపు గురించి మాట్లాడుతున్నారో ఆ రాజాత్తి మాత్రం బల్ల అంచు చూస్తూ కూర్చుంది. అప్పుడే వార్డులో ఎవరి బిడ్డో కెవ్వుమంది. రాజాత్తి జాకెట్టు రెండు పక్కలా తడిసిపోయింది. గబుక్కున కొంగు లాక్కుంది. హెడ్ నర్సు చూడనే చూసింది. చేరే ముందు అది సరిచేసుకుని రమ్మంది, గోళ్లు కత్తిరించుకుని రమ్మన్నట్టు.

రాజాత్తికి ఈ మల్లెల వాసన తెలుసు. అమ్మ కమలం ఇట్లాగే రొమ్ముకు కట్టుకుంది. అగ్గిపెట్టెల కంపెనీ వ్యానులో చంటిబిడ్డను ఎక్కనిచ్చేవాళ్లు కాదు. తెల్లారకముందే హారను వినబడేది. తమ్ముడిని, ఆ ఏడు బడి మానేసిన ఎనిమిదేళ్ల రాజాత్తి ఒళ్లో పెట్టి అమ్మ పరుగెత్తేది. గంజి పోస్తే వాడు మూతి తిప్పుకునేవాడు. పక్కింటివాళ్లు ఏడుపు ఆపమని గోడ తట్టేవాళ్లు. ఆ ఎండాకాలం వాడే ఏడుపు ఆపేశాడు, మళ్లీ కళ్లు తెరవలేదు. అమ్మకు పాలు ఎండాయనే అందరూ అనుకున్నారు. కానీ తరవాత ఎన్నో ఏళ్లు, సంతలోనైనా బస్సులోనైనా పరాయి బిడ్డ ఏడిస్తే చాలు, కమలం చటుక్కున రెండు చేతులూ రొమ్ముకు అడ్డం పెట్టుకునేది. అక్కడ తడి ఉండేది కాదు. అయినా పెట్టుకునేది. చచ్చిపోయేదాకా తలలో పువ్వు పెట్టలేదు. ఇప్పుడు ఈ గడప దగ్గరే నిలబడినట్టుంది, అగ్గిపుల్లల మందు వాసనతో, మల్లెల వాసనతో, చేతులు అడ్డం పెట్టుకుని.

"ఏం యోచన?" అన్నాడు కుమారవేల్. "నీ చదువుకు వాళ్లు పిలిచిందే గొప్ప. రొండేండ్లు కన్ను మూసి తెరిచేలోగా పోతాయి."

"మీకు పోతాయి మావా," అంది రాజాత్తి.

ఆ పని ఆమెకు వద్దని కాదు. సూది ఎక్కించేటప్పుడు తన చెయ్యి వణకదని ఆమెకు తెలుసు. అది కాదంటే మిగిలేది ఆ వ్యానే. ఒళ్లో మొగ్గల్ని చూసింది. దారం మళ్లీ అందుకుంది. అత్త వద్దంటున్నా ఒక్కొక్కటే ముడివేసి, మూర పూర్తయ్యాక జడలో పెట్టుకుంది. లేచి బిడ్డ ఆర్తిని చంకనేసుకుంది.

"యాడికే?"

"విరుదునగర్‌కు అత్తా. పనికొస్తా, రాత్రికి ఇంటికి పోతానని చెప్పేదానికి. కాగితాలు జిరాక్సు ఇస్తా. అసలువి నాతోనే ఉంటాయి."

"వాళ్లు ఒప్పుకోకుంటే?" కుమారవేల్ గొంతు లేచింది.

"ఆ ఊళ్లో ఆసుపత్రి అదొక్కటేనా? అన్నిట్లోనూ అడుగుతా. బిడ్డ ఏడిస్తే వినబడని నర్సు కావాలంటే, వాళ్లనే వేరే చూసుకోమంటా."

అత్త చేతిలో పంచె ముక్క అట్లాగే ఉంది. రాజాత్తి తల వైపు చూసి, దాన్ని మడతపెట్టింది.

బస్సు ఊరు దాటి నల్లరేగడి చేల మధ్యకు వచ్చేసరికి ముందు సీట్లో ఎవరి బిడ్డో ఏడ్చింది. రాజాత్తి జాకెట్టు తడిసింది. చేతులు వాటంతటవే పైకి లేచాయి, అచ్చం అమ్మ చేతుల్లాగే. మెల్లగా వాటిని దించి, ఆర్తిని రొమ్ముకు తీసుకుంది. కొంగు లాక్కోలేదు.