కుడిపక్క కుర్చీ

నేను వెతికినవాటి హిస్టరీ చెరిపేశాను కదా, మరి ఆ వినికిడి యంత్రం ప్రకటన బొమ్మ మళ్ళీ ఎక్కడినుంచి వచ్చింది, వార్తల పక్కన, చెవి వెనుక పరికరం పెట్టుకున్న ఆ స్త్రీ ఎవరిని చూసి నవ్వుతోంది, ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, దాని ముందు మా ఆయన, వంటింటి గుమ్మంలో నేను, ఆయన చూపు ఏ మూలకు పోతోందో చూస్తూ, నా ఎడమ చెవి మందగిస్తోందని ఆయనకు చెప్పలేదు, చెబితే ఆయన కడుపులో మాట ఆగదు, వాళ్ళక్కకు చేరవేస్తారు, ఆ వదినే ఆఫీసులో నా సూపర్‌వైజర్, డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే నన్ను చెవి పోయాక ఎవరుంచుకుంటారు, నిన్న కంప్యూటర్లు చూసే అబ్బాయిని స్నేహితురాలి కోసమన్నట్టు అడిగాను, సైట్లు ఒప్పుకోమని అడిగే ఈ కుకీలు నిజంగా ప్రమాదమా అని, కుకీ వైరస్ కాదు మేడమ్, సామాను అప్పగిస్తే ఇచ్చే టోకెన్ లాంటిది, మిమ్మల్ని గుర్తుపట్టడానికి, తనంతట తాను ఏమీ చెయ్యదు, కాకపోతే లాగిన్ అయి ఉన్నప్పటి టోకెన్ ఎవడైనా కొట్టేస్తే పాస్‌వర్డ్ అడక్కుండానే మీ పేరుతో లోపలికొచ్చేస్తాడు, హిస్టరీ ఒక్కటే చెరిపితే అది పోదు, విడిగా తీసెయ్యాలి, మీ స్నేహితురాలికి చెప్పండి, అంటూ స్నేహితురాలు అన్న మాటను కాస్త ఒత్తి పలికాడు, తీసెయ్యాలనుకుంటూనే ఇంటికొచ్చి మరిచాను, నేను మరిచినదాన్ని యంత్రం మరవలేదు, గుర్తుపెట్టుకోవడమే ప్రమాదమా, లేక ఆ గుర్తు ఎవరి చేతిలో పడుతుందన్నదా,

ఏమోయ్, కాఫీ తాగడానికా, వాసన చూడ్డానికా, అన్నారాయన, కప్పు తీసుకెళ్ళాను, ఆయన వేలు సరిగ్గా ఆ బొమ్మ మీదే ఉంది, చూశావా, నేను నీ మాట వినడం లేదని దీనికి కూడా తెలిసిపోయింది, పోనీ ఒకటి కొనుక్కోనా, అని నవ్వారు, కళ్ళు మాత్రం నా వైపు తిప్పలేదు, నేను నా కుర్చీలో కూర్చున్నాను, ఆయన మాట ఒక్కటీ జారిపోలేదు, ఈమధ్య ఏదీ రెండోసారి చెప్పించుకోలేదు, ఎందుకని, పెళ్ళైన నాటినుంచీ ఆయన చోటు నా ఎడమపక్క, కిటికీ దగ్గర, వెలుతురు లేనిదే అక్షరం కనపడదనే మనిషి, వానలు మొదలైనప్పుడు ఇటు నా కుడిపక్కకు మారారు, అక్కడ జల్లు కొడుతోందోయ్ అన్నారు, వానలు పోయి చాలా కాలమైంది, ఇప్పటికీ ఇటే, చీకట్లో కళ్ళు చికిలించుకుంటూ, నేను ఆ యంత్రాల కోసం వెతకడం మొదలుపెట్టింది నిన్నగాక మొన్న, వదిన నిన్న కూడా నాకు ఎప్పటిలాగే రికార్డింగులు ఇచ్చి వెళ్ళింది, అంటే వానల నాడే ఈయనకు తెలుసు, తెలిసీ ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా.