ముందు వరస

సుబ్బరాయుడు గారు మెమో కాగితాన్ని పరిమళ ముందుకు తోశారు. నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ ఉన్న రెండు ఆస్పత్రులకూ ఆయనే యజమాని. ఆమె జగ్గయ్యపేటలో నర్సు. పేషెంటు సంగతి డాక్టరుకు సకాలంలో చెప్పలేదని అందులో రాసి ఉంది. సంతకం పెడితే ఉద్యోగం పోతుంది, ఒక మనిషి చావు ఆమె నెత్తిన పడుతుంది.

పోయినవాడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గుండెనొప్పితో కూలబడితే జగ్గయ్యపేట ఆస్పత్రికి తెచ్చిన లారీ డ్రైవరు. అక్కడ డాక్టరు లేక మొన్న పొద్దున పదకొండింటికి పరిమళ నందిగామ డాక్టరుకు ఆస్పత్రి ఫోన్లోంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ మాట ముక్కలు ముక్కలై తెగిపోయింది. డ్యూటీలో సెల్లు ముట్టకూడదని రూలు పెట్టింది కూడా ఈ మహానుభావుడే!

రెండు ఆస్పత్రుల ఫోన్లూ కంప్యూటర్లూ ఒకే లైను మీద నడుస్తాయి. దాన్ని చూసుకునేది నేను. మాట ముందు పోవాలి, ఎక్స్‌రేలూ బిల్లులూ వెనక ఆగాలి. రూటర్లో మొదట అలాగే రాశాను. ఆ ముందు వరస ఇరుకు, మాటకు తప్ప ఇంకోదానికి చోటుండదు. నెల క్రితం ఈయన పిలిపించారు. జగ్గయ్యపేటలో ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కూర్చున్నారో కెమెరాలో చూస్తుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోందట.

"నా ఆస్పత్రిలో నాకంటే ముందు పోయేదేంటయ్యా? నా బొమ్మని కూడా ఆ ముందు వరసలోనే పెట్టు," అన్నారు.

ఏ సభకు వెళ్లినా మొదటి కుర్చీ, మొదటి దండ ఆయనకే. సరేనండీ అని పెట్టేశాను. సిగ్గులేని వెధవని.

ఇప్పుడు మెమో చూస్తే ఒళ్లు మండిపోయింది. రూటర్ రికార్డు ప్రింటు తీసి బల్ల మీద కొట్టాను.

"మొన్న పదకొండింటికి మీ గదిలో జగ్గయ్యపేట కెమెరా బొమ్మ నడుస్తోందండి. ముందు వరసలో ఆ బొమ్మ వచ్చి పడబట్టే ఈమె మాట తెగింది. ఈమె నాలుగుసార్లు ఫోనెత్తడం మీరు కూర్చుని చూశారు. చూసి కూడా ఈ మెమో రాయించారా?"

ఆయన తల తిప్పుకున్నారు. "రూటర్లో రాసింది నువ్వేగా దేవరాజూ?"

"నేనేనండి. మీకు భయపడి రాసా."

కాగితం లాక్కుని పరిమళ పేరు కొట్టేసి నా పేరు రాశాను, సంతకం పెట్టాను. ఆమె మొహంలో కాస్త ఊరట కనిపిస్తుందనుకున్నాను. ఆమె నావైపు అసహ్యంగా చూసింది.

"మాట తెగుతోందని వారం ముందే చెప్పా గదా అన్నయ్యా. రిసీవర్ సరిగ్గా పట్టుకోమని నన్నే కసిరావు. అప్పుడే ఆ బొమ్మ తీసేసుంటే అతను బతికేవాడు."