సగం కుట్టిన బొంత

1931 అక్టోబరు పద్నాలుగు, బుధవారం. ఆ పొద్దున సన్యాసి తిన్నది గంజన్నం, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు, ఒక ఉల్లిపాయ. తేదీ అతనికి గుర్తుండిపోవడంలో వింత లేదు. మ్యూజియం గుమ్మం పక్కన కొయ్య చట్రంలో రోజూ తేదీ బిళ్ళ మార్చేది అతనే. చదువు రాకపోయినా అంకెల ఆకారాలు తెలుసు. ఒకటి కర్ర, నాలుగు బోర్లించిన కుర్చీ.

బిళ్ళలు పెట్టి, సగానికి కోసిన కొబ్బరి డొక్కని కుడికాలి కింద ఉంచుకుని నేల రుద్దడం మొదలుపెట్టాడు. ఎడమ మోకాలు వాచి ఉంది. సముద్రం దాటొచ్చి ఇరవై రెండేళ్ళు రబ్బరు చెట్లు గీసిన వేళ్ళు కత్తి పట్టుకున్నట్టే వంగిపోయి, ఇప్పుడు ఖాళీగా ఉన్నా చాచుకోవు. తోటలో పని ముగిశాక ఈ మ్యూజియంలో ఆరేళ్ళు. వెనక వైపు పడుకోవడానికి ఒక గది. రబ్బరు ధర పడిపోయి తోటల నుంచి మనుషుల్ని ఓడలెక్కించి సొంత ఊళ్ళకి పంపేస్తున్న ఆ ఏడాది, ఆ గది ఉండటమే పెద్ద దయ.

హాల్లో సగం ఆ నెలంతా అమెరికా చేతిపనులది. రబ్బరు కొనే కంపెనీ దొరగారి భార్య, అమెరికా దొరసాని, తన దేశం నుంచి తెప్పించింది. గడ్డితో అల్లిన బుట్టలు, కొయ్య బాతులు, మట్టి కూజాలు. అన్నిటికంటే పెద్దది గోడకు వేలాడదీసిన బొంత. పాత గౌనుల ముక్కలు మూడు మూలలుగా కోసి కుట్టింది. కింద కుడి మూల మాత్రం కుట్టు జానెడు మేర ఆగిపోయి, దూది కనిపిస్తోంది. ఆగిన చోట తుప్పు పట్టిన సూది గుచ్చి ఉంది.

అంతకుముందు ఆదివారం కూర్మమ్మ తోట నుంచి వచ్చింది. చనిపోయిన అతని భార్య మరిడమ్మకి పినతల్లి కూతురు. బొంతని చూసి పడీ పడీ నవ్వింది.

"ఇదేటి బావా, మన బొంతే కదా! దీన్ని సూడ్డానికేటి నన్ను ఆరు మైళ్ళు నడిపించినావు? మా ఇంట్లోదీ అద్దంలో ఎట్టించు, టికెట్టు పెడదుం."

తర్వాత ఆ మూల చూసి నవ్వు ఆపింది. "సగంలో ఒగ్గేసిందేటి? సచ్చిపోనాదేటి ఆ యమ్మ?"

సన్యాసి వెళ్ళి గుమస్తా ప్రకాశాన్ని పిలుచుకొచ్చాడు. ప్రకాశం బొంత పక్కన తగిలించిన కార్డు చూసి, "అవును మావా. కుడతా కుడతానే పోయిందట," అన్నాడు. అంతలో మ్యూజియం దొర గదిలో గంట మోగింది. మిగతా రెండు వరుసలు చదవకుండానే పరిగెత్తాడు.

"ముట్టుకోకు బావా," అంది కూర్మమ్మ, అతని చూపు కనిపెట్టి. "నీదీ కాదు, మనదీ కాదు."

కానీ వాళ్ళ ఊరి మాట సన్యాసికి తెలుసు. ఆడమనిషి సగం కుట్టి పోయిన బొంతని ఇంటివాళ్ళు ముగించాలి. అంతదాకా పోయినామెకి చలి తీరదు. మరిడమ్మ కూడా సగం కుట్టే పోయింది. జ్వరం గుడ్డలని తోట ఆసుపత్రిలో ఆ బొంతని తగలబెట్టేశారు. ముగించడానికి అతనికేమీ మిగల్లేదు, ఆమె సూది తప్ప.

సోమవారం మ్యూజియానికి సెలవు. మరిడమ్మ సూదితోనే ఆ మూల కుట్టాడు. వంగిన వేళ్ళకి సూది పట్టడం తేలికే అయింది. తుప్పు సూదిని కదపలేదు.

బుధవారం పది గంటలకి మ్యూజియం దొరా, అమెరికా దొరసానీ వచ్చారు. కాసేపటికి ప్రకాశాన్ని పిలిచారు. దొర గొంతు పెంచలేదు. అందుకే సన్యాసికి భయం వేసింది.

"మావా," అన్నాడు ప్రకాశం, దగ్గరికొచ్చి. "దీన్ని ఎవులూ ముగించకూడదని కార్డులో ఉంది. ఆవిడ సెయ్యి ఎక్కడాగిందో లోకం సూడాలని అలగే ఉంచినారట. నాను ఆ ముక్క సదవనేదు." కార్డుకేసి మళ్ళీ చూసి, "నా తప్పని దొరకి సెప్పేస్తాను," అన్నాడు.

"సెప్పకు బాబూ. పిల్లలు గలోడివి."

"మరి నువ్వు?"

"నాకెవులున్నారు? గదొకటి. అంతే కదా."

ప్రకాశం తన తప్పు సంగతి చెప్పలేదు. కుట్టినవాడినే విప్పమన్నారు. దొరసాని తన చేతిసంచీలోంచి చిన్న కత్తెర తీసి, పిడి అతని వైపు తిప్పి ఇచ్చింది. సన్యాసి నేల మీద చతికిలబడి ఒక్కొక్క కుట్టే తెంపాడు. దొర గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. దొరసాని మాత్రం పక్కన నిలబడి, విప్పుతున్న కుట్టు మీద వేలు పెట్టి ఏదో అంది.

"ఏటంది బాబూ?"

"వాళ్ళమ్మ కుట్టు ఇలాగే ఉండేదట."

సన్యాసి తల ఊపి తర్వాతి కుట్టు తెంపాడు. చివరికి దూది మళ్ళీ బయటపడింది. తెగిన దారాలు ఏరి తువ్వాలు కొంగున కట్టుకున్నాడు.

మధ్యాహ్నం పనిలోంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. శుక్రవారం పినాంగులో ఊరికి పోయే ఓడ. గది రేపటికి ఖాళీ చెయ్యాలి. ఈ మన్నులో మరిడమ్మ ఉందని చెప్పడానికి కాగితంలో చోటు లేదు. చెప్పినా ఎవరు వింటారు?

అయిదింటికి ఎప్పటిలాగే చేతిగంట కొట్టాడు. బుట్టల మీద దుమ్ము దులిపాడు. బొంత దగ్గర ఒక్క క్షణం వంగి, లేచాడు. అతనేం చేశాడో ప్రకాశం చూశాడు, చూడనట్టు కిటికీలు వేసుకుంటూ పోయాడు. గుమ్మం దగ్గర తాళాల గుత్తి తీసుకోవాల్సినవాడు చెయ్యి చాచలేదు.

"ఈ పూటకి నువ్వే వెయ్యి మావా."

సన్యాసి భుజంతో రెక్కని కొంచెం ఎత్తి, కీచుమనకుండా తలుపు మూశాడు.

లోపల బొంత మూలన, కార్డులో రాసిన తుప్పు సూది పక్కనే, కార్డులో లేని ఇంకో సూది గుచ్చి ఉంది. దాని కంట్లో బెత్తెడు దారం.