పంపు మోగలేదు

తాళం తిప్పితే ఇంజను గరగరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వెనక సీట్లో ఎనిమిది నెలల పాప. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, తెల్లవారినప్పటి నుంచి పాలు ముట్టలేదు. పిల్లల డాక్టరు పదకొండు దాకే ఉంటాడు. అప్పటికే పదీ పావు. టాక్సీకి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు.

ఇవాళ బండి ఇంట్లో వదిలి బస్సులో ఆఫీసుకెళ్ళిన మా ఆయనకు చేశాను.

"బ్యాటరీ అయిపోయుంటుంది," అన్నారు ఆఫీసులోంచి.

"బ్యాటరీ లేకపోతే అసలు తిరగదు కదండీ! పెట్రోలు సగం ట్యాంకు ఉంది. తాళం సగం తిప్పగానే వెనక సీటు కింద, పెట్రోలు అందించే పంపు జుయ్యిమనాలి. అనడం లేదు."

"అబ్బో! తొమ్మిదితో బడి మానేసినదానివి, ఇంజనీరువి ఎప్పుడయ్యావు? నువ్వేమీ కెలక్కు. సాయంత్రం నేనొచ్చి చూస్తాలే."

సాయంత్రమట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ పెట్టేశాను. బడి మానేశాక నాన్న మెకానిక్ షెడ్డులో నాలుగేళ్ళు పానాలు అందించింది నేను. ఆ సంగతి ఆయనకు పెళ్ళప్పుడే చెప్పాం. గుర్తుండాలిగా.

స్టీరింగు కింద మూత ఊడదీసి పంపు ఫ్యూజు చూశాను. బాగానే ఉంది. దాని పక్క నుంచి, బండితో రాని ఎర్ర వైరు ఒకటి టేపు చుట్టుకుని కార్పెట్ కిందికి పోయింది. వేళ్ళతో తడుముకుంటూ దాని వెంటే వెళ్ళాను. డ్రైవరు సీటు కింద చిన్న స్విచ్ తగిలింది. నొక్కాను.

వెనక పంపు జుయ్యిమంది.

అప్పుడే స్నానం చేసి గుమ్మంలోకి వచ్చిన అత్తయ్య, "దొరికిందా? దొంగల భయానికి వాడు పెట్టించాడు. పోయిన నెల నాకూ మీ మరిదికీ చూపించాడు," అన్నారు.

"మరి నాకు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదని చెప్పుండడు. పక్కింటావిడ చెవిన వేస్తావని."

ఊడదీసిన మూత పక్క సీట్లో పడేసి బండి తీశాను. పదకొండుకు అయిదు నిమిషాలుండగా చేరాను. డాక్టరు అప్పటికే కుర్చీలోంచి లేస్తున్నాడు. చెవిలో చీము పట్టిందన్నాడు, అక్కడే మందు మొదటి మోతాదు వేయించాడు.

బయటికి రాగానే ఆయన ఫోన్.

"దొరికిందటగా, అమ్మ చెప్పింది. స్విచ్ సంగతే మర్చిపోయానే! రోజూ చెయ్యి అలవాటుగా నొక్కేస్తుంది. అవునూ, దిగేటప్పుడు మళ్ళీ ఆపేశావా?"

పాప ఎలా ఉందని అడగలేదు. ఫోన్ కట్ చేశాను.

ఇంటికొచ్చి పాపను పడుకోబెట్టాక ఆ స్విచ్ పీకేశాను. దానికి బిగించిన రెండు వైరు కొసలూ కలిపి గట్టిగా టేపు చుట్టాను. సాయంత్రం ఆయన టీ కప్పు పక్కన ఆ స్విచ్ పెడితే తెల్లమొహం వేశారు.

"ఇదేంటి?"

"మీ రహస్యం. పక్కింటావిడకు కూడా చూపించాను లెండి."